ఆ పాటలో మగగొంతు

అయినా ఆ పాటలో మగగొంతు ఉంది కదా, గుసగుస కూడా కాదు, మొదటి నుంచి చివరిదాకా ఆ పిల్లతో సమానంగా ఉంది, మరి ఈయన లేదని ఎందుకన్నాడు, ఆడమనిషి సంగతి దాచే మొగుణ్ణి లోకమంతా చూసింది, మగవాడి సంగతి దాచేవాణ్ణి నేనిప్పుడే చూస్తున్నాను, ఒగ పిల్ల పాడతాదే, ఒగతే, ఏం గొంతనుకున్యావు అన్నాడు మొన్న రువైస్ డ్యూటీ నుంచి ఫోన్లో, ఒక్కతేనా అన్నాను, ఒగతే అన్నాడు, అంతే, ఆ మాట దగ్గరే నా మనసు మేకుకు తగిలిన కొంగులా చిక్కుకుపోయింది, ఎందుకంటే అప్పటికే ఆ పాట నేనెన్నిసార్లు విన్నానో ఈయనకు తెలియదు, ఇప్పుడు పక్కనే కూర్చుని స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు నా మొగుడు షావలి, షార్జా దాటి ఖోర్ ఫక్కాన్ దారి ఎక్కాం, ఇసుక అయిపోయి రెండు పక్కలా రాళ్ళకొండలు మొదలయ్యాయి, ఏసీ కాస్త తగ్గించయ్యా చలేస్తాంది అన్నాను, పలకలేదు, మళ్ళీ అన్నాను, కనుబొమ్మ కూడా కదల్లేదు, సరే, పెళ్ళాం మాటకు పలకనివాడు ఆ పాటకు తాళం వేస్తున్నాడు, కార్లో పాట కూడా లేదు, అది ఆయన తలలోనే మోగుతోంది.

ఇంకాసేపట్లో తమ్ముడి ఇల్లు వస్తుంది, ఇనాయతుల్లా నాకంటే చిన్నవాడే గానీ ఖోర్ ఫక్కాన్ పోర్టులో నలుగురి చేత పని చేయించేవాడు, వాడి మాటకు ఒక బరువుంది, శుక్రవారం జుమ్మా నమాజు అక్కడే చదువుకుని చేపలకూర తిని వద్దామని ఈయనకు చెప్పాను, తమ్ముడికి చెప్పింది వేరు, మీ బావ కాడ ఏదో తేడా ఉండాది రా, ఎవతో ఉండాదని నా అనుమానం, నేనడిగితే దాటేస్తాండాడు, నువ్వు కూసోబెట్టి అడగాల అన్నాను, అక్కా, బాగా ఆలోచన చేసుకున్యావా, ఒగసారి నేను అడిగినానంటే మళ్ళ వెనక్కి తీసుకోలేము అన్నాడు, నిజమే, మాలో మొగుడూపెళ్ళాల మాట పుట్టింటివాళ్ళ ముందు పడిందంటే ఇక అది ఇద్దరి మాట కాదు, వాడు అడుగుతాడు, ఈయన రోషానికి పోతాడు, వాడు రాయచోటికి ఫోన్ చేస్తాడు, అక్కడ ఈయన అన్నలు చాప పరుచుకుని కూర్చుంటారు, ఇంత వయసొచ్చి, ఎదిగిన కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, షావలి దుబాయ్‌లో ఎవతెనో తగులుకున్నాడంట అని సంతలో టమాటాలు తూచేవాడికి కూడా తెలుస్తుంది, అన్నీ ఆలోచన చేసుకున్యాలే అని ఫోన్ పెట్టేశాను.

ఈ గొడవంతా సుహానా వల్ల, కాదు, మా పిసినారితనం వల్ల, పాటల యాప్ ఒకరి పేరున కట్టి ముగ్గురం వాడుకుందామని మా అమ్మాయి అందరి ఫోన్లలోనూ పెట్టింది, ఒగరు పాట పెడితే ఇంకొకరిది ఆగిపోతాది, అంతే గదమ్మా, అడ్జస్ట్ అయితే సరి అంది, షార్జా రోలాలో మా ఫ్లాట్‌లో కూర్చునే నేను షాపులవాళ్ళ అబాయా బురఖాలకు అంచులు కుడతాను, మిషను ముందు కూర్చుంటే పక్కన ఫోన్లో పాట మోగుతుండాలి, లేకపోతే నా కుట్టు వంకర పోతుంది, పాత సినిమా పాటలు, మధ్యలో ప్రవక్త మీద పాడే నాత్‌లు, అట్లా సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది, వేరే ఫోన్లో నడుస్తోంది అని తెర మీద వచ్చేది, మొదట్లో అది ఎంత బాగుండేదో, సుహానా క్లాసులో ఉంటే ఇంకెవరు, ఈయనే, అక్కడ డ్యూటీ దిగి గదికొచ్చి మంచం మీద కాళ్ళు చాపాడన్నమాట, ఫోన్ చెయ్యకుండానే కబురు తెలిసేది, ఏం పెట్టాడా అని చూస్తే ఏదో ఒక ఖవ్వాలీ ఉండేది, నవ్వుకుని, ఆయన పాట అయ్యేదాకా ఊరికే మిషను తొక్కేదాన్ని, రువైస్ అంటే ఈ దేశానికి ఆ చివర, అక్కడ ప్లాంటులో డ్రైవరు ఈయన, పదిహేను రోజులకోసారి వస్తే గొప్ప, నా పాట ఆగిపోవడమే మాకు పలకరింపు.

ఎండలు ముదిరినప్పటి నుంచి మారింది, నా పాట ఆగిందంటే ఒకటే పాట, పొద్దున డ్యూటీకి ముందు అదే, సాయంత్రం అదే, పేరు చదువుదామంటే పిచ్చుక కాళ్ళ గుర్తుల్లాంటి అక్షరాలు, బొమ్మలో మెడదాకా జుట్టు కత్తిరించుకున్న ఒక పిల్ల, పక్కన గొడుగు అడ్డం పెట్టుకుని ముఖం చూపించని మనిషి, ఎవరే వీళ్ళు అని సుహానాను అడిగితే ఎగిరి గంతేసింది, అమ్మా, ఇది నీకెట్ల తెలుసు, జపాన్ పాట, ఇద్దరూ వేరే వేరే సింగర్లు, ఎవరి ఫ్యాన్స్ వాళ్ళకుండారు, కరోనాలో బయటికి పోలేక ఎవరింట్లో వాళ్ళు పాడి పంపుకుని కలిపినారు, కొలాబ్ అంటారు దీన్ని, మొదట ఏం బాగుండదు, నాలుగుసార్లు విను, ఎక్కుతాది చూడు అంది, ఎక్కడానికి అదేమన్నా కల్లా అన్నాను, మీ నాయనకు ఎవరు తాపించినారో అది చెప్పు ముందు అన్నాను, పిచ్చి అమ్మా అని బుగ్గ గిల్లి పోయింది, ఆ పిల్లకు అన్నీ నవ్వులాటే, గొడుగు వెనక ముఖం ఎందుకు దాస్తారో దానికేం తెలుసు.

విన్నాను, పాట వినడానికి కాదు, పోలీసులు వింటారే అట్లా విన్నాను, మిషను ఆపి ఫోన్ బల్ల మీద పెట్టుకుని చెవులు రిక్కించి విన్నాను, గిన్నె మీద గోటితో కొట్టినట్టు టిక్కుటిక్కుమని శబ్దం, ఆ పిల్ల పాడుతోందో బేరమాడుతోందో తెలియదు, గడగడా ఒకటే వాగుడు, ఆ అబ్బాయి నిద్రలో లేచి పలికినట్టు ఒక అడుగు వెనక, ఇద్దరికీ పొంతన లేదు, ఒకరిది ఉత్తరం ఒకరిది దక్షిణం, ఛీ, ఇదేం పాట, ఇందులో ఈయనకు కనపడిందేమిటి, పాట బాగుంటే నాకు అనుమానం లేదు, బాగాలేని పాటను ఒక మనిషి అదే పనిగా వింటున్నాడంటే అది పాట కోసం కాదు, ఇచ్చిన మనిషి కోసం, అదీ నా లెక్క, ఆ లెక్క రుజువు చేసుకోవాలని మళ్ళీ విన్నాను, ఇంకోసారి విన్నాను, ఒకరోజు నల్ల అబాయాకు చేతుల దగ్గర అంచు వేస్తుంటే గమనించాను కదా, నా కాలు ఆ టిక్కుటిక్కుకే మిషను తొక్కుతోంది, ఆ పిల్ల ఊపిరి తీసుకున్న చోట అబ్బాయి వస్తున్నాడు, చేతకాక వెనకబడటం కాదది, ఆమె మాట పూర్తి అయ్యేదాకా ఆగుతున్నాడు, ఆ సంగతి తెలిశాక పాట వేరే పాటైపోయింది, అంట్లు తోముతూ నోటికొచ్చిన జపాను భాషలో ఆ పిల్ల వంతు పాడేశాను, సుహానా గుమ్మంలో నిలబడి వీడియో తీసింది, సిగ్గుతో చచ్చాను, సవతి వండిన కూరను లొట్టలేసుకుంటూ రెండోసారి వడ్డించుకున్నట్టు అనిపించింది, పోనీ అర్థమన్నా చెప్పవే అంటే ఫోన్లో వెతికి చెప్పింది, ఆ పిల్లవన్నీ ప్రశ్నలంట, వాన వెలిసిందా, తలుపు వేశావా, అన్నం తిన్నావా, అబ్బాయివి జవాబులంట, ఇంతేనా అంటే ఇంతే అంది, ఇంట్లో రోజూ మాట్లాడుకునే మాటలకే రాగం కట్టారన్నమాట, ఆ మాటలు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నిప్పు లేనిదే పొగ రాదు, అదీ ఒకచోటి నుంచి వస్తే సర్దుకుంటాను, ఇంటినిండా వస్తుంటే ఎట్లా, పెళ్ళైన నాటి నుంచి మంచం మీద గోడపక్క నాది, అంచు ఆయనది, ఈమధ్య వచ్చినప్పుడల్లా నాకు గోడపక్క కావాల అంటాడు, ఎందుకయ్యా అంటే చల్లగా ఉంటాది అంటాడు, నా వైపు తిరిగి పడుకున్నాడంటే భుజం పట్టి ఊపితే తప్ప పలకడు, ఫోన్ వస్తే బాల్కనీలోకి పోతాడు, ఇంట్లో సందడికి వినపడదే అంటాడు, ఏం సందడి, నేనూ సుహానా తప్ప ఎవరున్నారు, ఉన్న మిషను కూడా ఆపేశానే, అన్నం తింటూ నేనేదన్నా చెప్తుంటే కళ్ళల్లోకి చూడడు, నా నోటి వంకే చూస్తాడు, తప్పు చేసినవాడు ఎదుటి మనిషికి ఎంత తెలిసిందో అని అట్లాగే చూస్తాడు, కూరలో ఉప్పు ఎక్కువైందా అంటే ఊ, తక్కువైందా అంటే ఊ, మనసు ఈ ఇంట్లో ఉంటే కదా ఉప్పు తెలిసేది.

ఎవరిచ్చినారయ్యా నీకీ పాట అని అడగనే అడిగాను ఒకసారి, తడబడతాడనుకున్నాను, తడబడలేదు, అదే నాకు భయమేసింది, ప్లాంటులో షట్‌డౌన్ నడుస్తాంది గదా, మిషన్లన్నీ ఆపి రిపేరు చేసేదానికి జపాన్ నుంచి ఇంజనీర్లు వచ్చినారు, వాళ్ళ బండి నేనే తోలేది, వాళ్ళల్లో ఒగ మేడమ్ ఉండాది, వెనకసీట్లో చెవుల్లో వైర్లు పెట్టుకుని రోజూ తల ఊపుతా ఉంటాది, ఏం పాట మేడమ్ అని అడిగినా, ఫోన్లో పంపింది, అంతే అన్నాడు, ఆయమ్మకు వయసెంత అన్నాను, నాకేం తెలుసే, హెల్మెట్టూ మాస్కూ తీస్తే కదా ముఖం కనపడేది అని పకపకా నవ్వాడు, దొంగ ఎప్పుడూ సగం నిజం చెప్పి సగం జేబులో వేసుకుంటాడు, అద్దంలో వెనకసీటు చూస్తూ తోలుతున్నాడన్నమాట బండి, ఆమె తల ఊపడం చూస్తూ, మరి మగగొంతు లేదని ఎందుకన్నాడు, దానికీ నాకు జవాబు దొరికింది, ఆ పిల్ల వంతు మేడమ్ పాడుతుంది, అబ్బాయి వంతు ఈయన పాడతాడు, ఇద్దరి మధ్యా ఇంకొక మగవాడెందుకని ఆ గొంతునే లేదనుకున్నాడు, ఇంత దూరం ఆలోచించానని ఎవరితోనన్నా చెప్తే నవ్వుతారు, నవ్వనీ, ఇందాక ఏసీ సంగతికి ఆయన పలకలేదన్న కోపంలో గొంతు తగ్గించి, అంత ఇష్టమైతే దానితోనే ఉండిపో, నేనూ నా బిడ్డా బతకలేమా అన్నాను, దానికీ ఆయన ముఖంలో చలనం లేదు, అట్లాంటి మాట విని కూడా ముందు పోయే లారీనే చూస్తున్నాడంటే ఇంక ఇనాయతుల్లాను కూర్చోబెట్టక ఏం చెయ్యాలి.

సొరంగం వచ్చింది, పసుపు దీపాలు ఆయన ముఖం మీద పడుతూ పోతున్నాయి, ఇప్పుడే చూడాలి, తమ్ముడి ఇల్లు రాకముందే ఒక్కసారి నా కళ్ళతో నేను చూసుకోవాలి అనిపించింది, నా ఫోన్ కారుకు కలిపి ఆ పాట పెట్టాను, పెట్టి పాట వినకుండా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా, టిక్కుటిక్కు మొదలైంది, ముఖం వెలిగింది, వెలిగిందమ్మా, చూశాను, అరే, నీకెట్ల దొరికిందే ఈ పాట అని నా వైపు తిరిగాడు, నవ్వుతున్నాడు, అంతలో అబ్బాయి అందుకున్నాడు, ఈయన నవ్వు ఆగిపోయింది, ఏందిది అన్నాడు, నీ పాటే అన్నాను, ఆఁ అన్నాడు, నీ పాటేనయ్యా అని అరిచాను, కాదే, రాగం అదే గానీ ఇది వేరే, ఎవడే ఈ మొగోడు, యాడి నుంచి వచ్చినాడు వీడు, ఎవరో మళ్ళ కలిపినట్టుండారు అన్నాడు, ఎంత అమాయకంగా అన్నాడో, అంత అమాయకత్వం నిజమైనవాళ్ళకు ఉండదు, మొదటి నుంచీ ఉండాడు ఆ మొగోడు, పిల్లతో సమానంగా పాడతాండాడు, నన్నేం పిచ్చిదాన్ననుకున్యావా అన్నాను, నాకు తెలీని పాటనా, దినామూ చెవుల్లో పెట్టుకుని వింటాండా, పిల్ల ఒగతే అన్నాడు, బండి ఆపు అన్నాను, ఈడ యాడ ఆపేది అన్నాడు, ఆపు అంటే ఆపు అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, సొరంగం దాటాక డ్యామ్ దగ్గర టీ అంగళ్ళ పక్కన నీడలో ఆపాడు.

హ్యాండ్‌బ్యాగులో సుహానా పాత ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, వైరువి, తీసి ఇచ్చాను, నీ ఫోన్లోదే పెట్టు, మీ మేడమ్ పంపించిందే పెట్టు, అప్పుడు చూద్దాం ఎవరిది అబద్ధమో అన్నాను, ఆయనకూ పౌరుషం వచ్చింది, రెండు చెవుల్లోనూ పెట్టుకుని, పాట పెట్టుకుని, వేలెత్తి చూపిస్తూ, ఇదీ, పిల్ల, పిల్ల, మళ్ళ పిల్లే, యాడుండాడే నీ మొగోడు అని తీసి నా చేతికిచ్చాడు, నేను పెట్టుకున్నాను, ఇంతవరకు ఆ పాట నేను ఫోన్లోంచి బయటికే విన్నాను గానీ ఇట్లా చెవుల్లో పెట్టుకుని వినలేదు, ఎడమ చెవిలో పిల్ల, కుడి చెవిలో అబ్బాయి, చెరొక గదిలో కూర్చుని నా తలలో మాట్లాడుకుంటున్నట్టు, ఎంత బాగుందో, అంత కోపంలోనూ ఒంటి మీద వెంట్రుకలు లేచాయి, ఉండాడు గదయ్యా, ఇంత ఉండాడు అన్నాను, నీకు తిక్క పట్టింది అన్నాడు, అంతే, ఉన్నపళాన రెండూ పీకి, ఆయనకు ఎదురుగా తిరిగి, నా చేతులతోనే ఆయన చెవుల్లో కుక్కాను, ఎదురెదురుగా ఉన్నాం కాబట్టి నా కుడిచెవిది ఆయన ఎడమచెవిలోకి పోయింది, అప్పుడు ఆ ఆలోచనేమీ లేదు, విను, సరిగ్గా విను అన్నాను, విన్నాడు, ఆఁ, ఇప్పుడు మొగోడు పాడతాండాడే అన్నాడు, నేను గెలిచినట్టు చూశాను, మొగోడే పాడతాండాడు, పిల్ల యాడికి పాయ అన్నాడు, అని, నోరు అట్లాగే ఉండిపోయింది.

తీసి అటుది ఇటు పెట్టుకున్నాడు, ఇటుది అటు పెట్టుకున్నాడు, తర్వాత ఎడమచెవిలోది తీసి నా ఒళ్ళో వదిలేసి కుడిచెవిలో ఒక్కటే ఉంచుకున్నాడు, ఫోన్ పట్టుకుని సౌండు పెంచాడు, ఇంకా పెంచాడు, నాకు బయటికి వినిపిస్తోంది ఆ పాట, చెవిలోంచి కారిపోతూ వినిపిస్తోంది, తెర మీద గీత జరుగుతోంది, ఆయన ముఖంలో మాత్రం ఏమీ జరగడం లేదు, పక్కన ఎవరో పిల్లలు డ్యామ్‌లో పడవ తొక్కుతూ కేకలు పెడుతున్నారు, ఏమయ్యా అన్నాను, ఏం రాలే అన్నాడు, మళ్ళీ తనలో తను, ఏం రాలేదే అన్నాడు, మందంగా ఉండాదనుకున్యా, స్నానం చేసేటప్పుడు నీళ్ళు పోయినాయేమో అనుకున్యా, గులిమి అనుకున్యా, దినామూ నూనె కాచి వేసుకుంటాండా, ఇంత ఖలాస్ అయిందని తెలీదు నాకు అన్నాడు, ఎప్పటి నుంచి అన్నాను, నా నోటి వంక చూశాడు, ఎప్పటి నుంచయ్యా అని మళ్ళీ అడిగాను, షట్‌డౌన్ మొదలైన కాడ్నుంచి, ఆ పెద్ద మిషన్ల కాడ బండి పెట్టుకుని నిలబడాల, గుయ్యిమని ఒకటే మోత, చెవులకు పెట్టుకునేవి ఇచ్చినారు, పెట్టుకుంటే రేడియోలో పిలిచేది వినపడదని తీసేస్తాంటి, నా తప్పే అన్నాడు, నాకెందుకు చెప్పలా అంటే, ఏం చెప్పాల, వచ్చే నెల మెడికల్ టెస్టు ఉండాది, మా ముదీర్, పైన ఉండే సారు, మంచోడే గానీ ఆయన చేతిలో ఏముంటాది, డ్రైవరుకు చెవి లేదంటే బండి ఇయ్యరు, బండి లేకుంటే వీసా యాడిది, సుహానా చదువు యాడిది, నీకు చెప్తే నువ్వు ఏడస్తావు, ఏడ్సి మీ తమ్మునికి చెప్తావు అన్నాడు, ఆ చివరి మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

ఆడది లేదు, ముందు అదే వచ్చింది మనసులోకి, అల్హమ్దులిల్లా, ఆడది లేదు, మేడమ్ లేదు, గొడుగు వెనక ఎవరూ లేరు, ఒక్క క్షణం పండగలా అనిపించింది, ఆ పండగ ఎంతసేపు, ఆయన కుడిచెవిని వేలితో పొడుచుకుంటూ ఉంటే చూశాను, కార్లో నేను కూర్చునేది ఎప్పుడూ ఆ పక్కే కదా, ఏసీ తగ్గించమన్నది ఆ చెవికే, దానితోనే ఉండిపో అన్నది ఆ చెవికే, ఇన్నాళ్ళు ఈ కార్లో నేను తిట్టిన తిట్లు, పెట్టిన శాపనార్థాలు, మధ్యలో ఎప్పుడో ఒకసారి సిగ్గు విడిచి, నువ్వు లేకపోతే ఇంట్లో తోచదయ్యా అన్న మాట, అన్నీ అక్కడికే పోయి పడ్డాయి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మొన్న పండక్కి సుహానా ముందు ఎంత వెటకారంగా అన్నాను, నవ్వాడే, నవ్వాడు, నా నోరు చూసి నేనేదో తమాషా మాట అన్నాననుకుని నవ్వాడు, మంచంలో గోడపక్క అడిగింది ఇందుకా, నా మాట వినపడాలని పనికిరాని చెవిని గోడకిచ్చి బాగున్నదాన్ని నా వైపు పెట్టుకున్నాడు, నేనేమో అంచున పడుకుని ఆ గోడనే చూస్తూ ఈయన నాకు దూరం జరిగాడని దిండు తడుపుకున్నాను, ఏడవకే, అందుకే చెప్పలా అన్నాడు, నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది, భుజం మీద ఒకటి వేశాను, గట్టిగానే వేశాను, రేపే రోలాలో డాక్టరు కాడికి పోదాం అన్నాను, షట్‌డౌన్ అయిపోనీ అన్నాడు, రేపే అన్నాను, వాళ్ళు రాసి పెడితే మెడికల్‌లో తెలిసిపోతాది అన్నాడు, ఒక్క చెవితో నువ్వు పరాయి బిడ్డలను కూసోబెట్టుకుని బండి తోలుతావా, రేపు ఏమన్నా అయితే అన్నాను, దానికి జవాబు చెప్పలేదు, ఇది మాత్రం వినపడక కాదు, మన ఇద్దరి మధ్యనే ఉండాల, ఇనాయత్‌కు అసలే చెప్పొద్దు అన్నాడు, అని బండి తీశాడు.

కొండల మధ్య నుంచి సముద్రం కనిపించింది, నీలంగా, ఎప్పుడూ చూసి అబ్బా అనేదాన్ని, ఇవాళ అద్దాలు చూస్తూ కూర్చున్నాను, కుడిపక్క లారీ వస్తాంది అన్నాను గట్టిగా, కనపడతాందిలే అన్నాడు, వెనక ఎవరో హారన్ కొడితే నేనే ముందు ఉలిక్కిపడ్డాను, ఇక నుంచి ఈ కార్లో నాకు నిద్ర రాదు, రువైస్‌లో నేను లేని బండి గురించి ఇంట్లో కూడా రాదు, డాక్టరు ఏమంటాడో, మందులతో వస్తుందో రాదో, రాకపోతే పై నెల మేము ఎక్కడుంటామో, ఎవర్ని బతిమాలాలో, ఎవర్ని తిట్టాలో, తిడదామంటే ఆ మిషన్ల మోతకు అమ్మా ఆలీ కూడా లేరు, అంతలోనే ఇల్లు వచ్చేసింది, తమ్ముడు జుమ్మాకు తెల్లబట్టలు కట్టుకుని బయటే నిలబడి ఉన్నాడు, ముఖం చూస్తేనే తెలుస్తోంది, పంచాయితీకి తయారుగా ఉన్నాడు, సలాం చెప్పి, ఈయన కారు దిగి తలుపు వేస్తుంటే కుడిపక్కన నిలబడి, బావా, నమాజు అయినాక నీతో ఒగ మాట మాట్లాడాల అన్నాడు, ఈయన పలకకుండా నమాజు టోపీ సర్దుకుంటూ ముందుకు నడిచాడు, తమ్ముడి దవడ బిగుసుకుంది, చూశావా అక్కా అన్నట్టు నా వైపు చూశాడు, ఆ చూపు నాది, ఇన్నాళ్ళు నేను చూసిన చూపు, గబగబా వాడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను, ఏం అడగొద్దురా, నేనే తప్పుగా అనుకున్యా అన్నాను, తప్పుగానా, మరి ఆ ఆడమనిషి అన్నాడు, ఆడమనిషి లేదు, పాడూ లేదు, ఏదో పాట విని నేనే అల్లుకున్యా అన్నాను, వాడు నా ముఖంలోకి చూశాడు, నమ్మాలా వద్దా అని చూశాడు, తర్వాత గుండెల్లోని ఊపిరంతా వదిలి, బతికించినావక్కా, నాకు నిద్ర లేదు తెలుసునా, నిజంగా ఆడదే ఉంటే ఏం చేద్దామబ్బా అని అన్నాడు, నవ్వుతూ బావ వెనక మసీదు వైపు పరుగెత్తాడు.

ఆడదే ఉంటే ఏం చేద్దాం, ఎందుకు చెయ్యలేం, వీణ్ణి కూర్చోబెట్టేదాన్ని, రాయచోటి నుంచి ఆయన అన్నల చేత తిట్టించేదాన్ని, నోరారా అరిచేదాన్ని, గుండె బాదుకునేదాన్ని, అందరూ నా పక్కనే నిలబడేవాళ్ళు, షట్‌డౌన్ అయిపోతే ఆమె తన దేశానికి పోయేది, ఈయన తల వంచుకుని ఇంటికొచ్చేవాడు, కొన్నాళ్ళు మాట్లాడకుండా ఏడిపించి తర్వాత అన్నం పెట్టేదాన్ని, ఆ పోట్లాట ఎట్లా చెయ్యాలో నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు, మా ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు, ఇది ఎట్లా చెయ్యాలో ఎవరూ నేర్పలేదు, ఎవరికీ చెప్పుకోవడానికి కూడా లేదు, మసీదు మెట్ల దగ్గర తమ్ముడు ఏదో చెప్తూ నడుస్తుంటే ఈయన మెల్లగా వాడి అటుపక్కకు మారి, ఎడమచెవి వాడికిచ్చి, తల ఊపుతూ లోపలికి పోయాడు, ఎండలో ఆ కారు పక్కన నిలబడి నేను, అల్లా నన్ను క్షమించాలి, నిజంగానే అనుకున్నాను, నా మొగుడికి ఇంకొక ఆడదే ఉండి ఉంటే బాగుండేది.